మెదడులో బుడగ పగిలితే క్లిప్పా, కాయిలా?

నల్లమల:
మెదడు రక్తనాళం గోడ బుడగలా ఉబ్బడమే అన్యూరిజం. అది పగిలినవాళ్లకు ఇప్పటికీ పుర్రె తెరిచి, లోపలికి రక్తం వెళ్లకుండా బుడగ మెడకు క్లిప్ పెడుతున్నారంటే ఒళ్లు మండుతుంది. 2002లోనే క్లిప్‌నూ కాయిల్‌నూ పోల్చిన ఐశాట్ ట్రయల్ తేల్చింది. తీసుకున్నది 2143 మందిని; ఏడాది ఫలితం తెలిసిన 1594 మందిలో చనిపోయినవాళ్లు, మంచాన పడి ఇంకొకరి మీద ఆధారపడ్డవాళ్లు కలిపి క్లిప్ వైపు 30.6 శాతం, కాయిల్ వైపు 23.7. ఇంకా చర్చేమిటి?

గోదారిగట్టు:
ఆ 2143 మంది ఎవరో చెప్పరేం? ఏ పద్ధతైనా పనికొస్తుందని డాక్టర్లకు అనిపించినవాళ్లనే తీసుకున్నారు. చూసింది తొమ్మిదిన్నర వేల మందిని. క్లిప్‌కు అనువుగా ఉండే మిడిల్ సెరిబ్రల్ ధమని (మెదడు పక్కభాగానికి రక్తం తీసుకెళ్లేది) బుడగలు అందులో తక్కువ. 1937లో అమెరికా సర్జన్ వాల్టర్ డాండీ వెండి క్లిప్ పెట్టిన రోజులా ఇవి? సర్జన్ యాసర్‌గిల్ మైక్రోస్కోప్ కింద ఆపరేషన్ నేర్పాక ఆ పనే మారిపోయింది.

నల్లమల:
30.6 కూడా మైక్రోస్కోప్ వచ్చాక తీసిన లెక్కే కదండీ.

పాలపిట్ట:
కొత్తవాళ్ల కోసం: కాయిల్ అంటే తొడ దగ్గర ధమనిలోంచి సన్నని గొట్టం పంపి, బుడగలో ప్లాటినం తీగ చుట్టలుగా నింపడం. డాక్టర్ గుగ్లియెల్మీ కనిపెట్టిన పద్ధతి, 1990 నుంచి.

గోదారిగట్టు:
మా నాన్నకు అదే చేశారు. తర్వాత యాంజియో తీస్తే తీగ కుదించుకుపోయి, బుడగ మెడ దగ్గర మళ్లీ రక్తం చేరింది. మళ్లీ కాయిల్, మళ్లీ బిల్లు. ఎకరం పొలం పోయింది. 23.7లో మా పొలం ఎక్కడుంది?

నల్లమల:
మీ నాన్నగారు నడుస్తున్నారు కదా! మా అక్కకు క్లిప్ పెట్టారు. ఆపరేషన్ సక్సెస్ అన్నారు. చెంచా చేతిలో పెట్టుకుని దాని పేరు కోసం తడుముకుంటుంది.

ఓరుగల్లు:
అది క్లిప్ వల్లో, మొదట కారిన రక్తం వల్లో ఎలా చెబుతారు? పగిలిన కొన్ని రోజులకు నాళాలు బిగుసుకుపోయి కూడా మెదడు దెబ్బతింటుంది.

నల్లమల:
మీరు ఆ ఐసీయూ బయట కూర్చోలేదు. దయచేసి మాట్లాడకండి.

గోదారిగట్టు:
ఒక్కటి అడుగుతాను. కాయిల్ కూడా ఉందని మీకు చెప్పారా?

నల్లమల:
లేదు. అక్కడ కాయిల్ వేసేవాళ్లే లేరు.

గోదారిగట్టు:
మాకు క్లిప్ మాటే ఎత్తలేదు. నా గొడవంతా అదే. ఆ ఆసుపత్రిలో ఏది వస్తే అదే రోగికి మందు. రెండూ చేసే చోటికి పంపాలి.

నల్లమల:
మొదటి 24 గంటల్లోనే మళ్లీ పగిలే ప్రమాదం ఎక్కువ. ఆ మనిషిని అంబులెన్స్‌లో ఎంత దూరం తిప్పుతారు?

గోదారిగట్టు:
తిప్పమన్నానా? ముందు స్కాన్ పంపి అడగమంటున్నాను. సంతకం పెట్టించుకునే ముందు రెండు దారులూ ఇంట్లోవాళ్లకు చెప్పమంటున్నాను.