ఫ్రీస్టైల్‌లో సగం కొలను దాటేసరికి ఆయాసం, కాళ్లు మునిగిపోతన్నాయి

పెన్నాగట్టు (నెల్లూరు):
అందరికీ నమస్కారం. పెద్దయ్యాక ఈత నేర్చుకుంటన్నా. మా కొలను 25 మీటర్లది. తేలడం వచ్చు, గోడను తన్ని జారడం వచ్చు. ఫ్రీస్టైల్ (బోర్లా ఉండి చేతులు ఒకదాని తర్వాత ఒకటి వేసే ఈత) మొదలుపెడితే సగం దూరానికే ఊపిరి అందదు, నడుము నుంచి కిందంతా మునిగిపోతాది. కాళ్లు గట్టిగా కొడితే ఇంకా తొందరగా అలిసిపోతన్నా. రోడ్డు మీద మూడు కిలోమీటర్లు ఆగకుండా పరిగెత్తగలను, కాబట్టి దమ్ము లేక కాదనుకుంటా. రౌండ్లు పెంచుకుంటా పోతే సర్దుకుంటాదా, ముందు సరిచేసుకోవాల్సింది ఏమన్నా ఉందా? ఇంకోమాట, మైపాడు సముద్రంలోనో పెన్నా ఏట్లోనో దిగితే తొందరగా వస్తాదని ఒకాయన చెప్పాడు. నిజమేనా?

కావలి రైలుకట్ట:
రౌండ్లు పెంచబాకన్నా. తప్పుగా ఎన్ని రౌండ్లు కొడితే ఆ తప్పు అంత గట్టిపడతాది.

నువ్వు చెప్పినదాన్ని బట్టి నీళ్లలో ముఖం పెట్టినప్పుడు ఊపిరి బిగబడతన్నావు. తల పక్కకు తిప్పినప్పుడు దొరికేది ఒక సెకను కూడా ఉండదు. ఆ కాస్తలో పాత గాలి వదలాలి, కొత్తది పీల్చాలి అంటే రెండూ కుదరవు. రొమ్ములో పాత గాలి అట్టనే ఉంటే పైన కొసరు మాత్రమే లోపలికి పోతాది. ఊపిరాడనట్టు అనిపించేది చాలావరకు ఆక్సిజన్ అయిపోయి కాదు, కార్బన్ డయాక్సైడ్ పేరుకుని. పరుగులో ఎప్పుడు కావాలంటే అప్పుడు గాలి దొరుకుతాది, అందుకే ఆ దమ్ము ఇక్కడ అక్కరకు రాదు.

రొమ్ము లోతు నీళ్లలో గోడ పట్టుకో. నోటితో పీల్చి, ముఖం ముంచి, ముక్కుతోనూ నోటితోనూ బుడగలు వదులు. నాలుగు లెక్కపెట్టేంత సేపు, సన్నగా, మధ్యలో ఆగకుండా. చివర్లో గట్టిగా ఊదేసి ముఖం పైకి తీయి. పైకొచ్చాక పీల్చడం ఒక్కటే పని, అక్కడ ఊదావంటే మళ్లీ మొదటికొచ్చినట్టే. ఇట్టా ఇరవైసార్లు తడబాటు లేకుండా వస్తేనే ఈతకు పో. పిల్లల పని అని సిగ్గుపడి ఇది వదిలేసేవాళ్లే ఎక్కువ, వాళ్లే సగం కొలనులో ఆగిపోతారు.

ఈదేటప్పుడు చేతులు రెండుసార్లు వేసినప్పుడల్లా ఒకసారి పీల్చు. మూడింటికోసారి చూడ్డానికి బాగుంటాది గానీ మొదట్లో గాలి చాలదు.

ఒంగోలు లేన్ నాలుగు:
ఊపిరి విషయం సరే. కాళ్లు మునగడానికి మాత్రం తల కూడా కారణమండి. ఛాతీలో గాలి ఉంటుంది కాబట్టి తేలుతుంది, కాళ్లు బరువు. తల ఎత్తిన ప్రతిసారీ నడుము కిందికి దిగుతుంది. ఎదుటి గోడను చూడొద్దు, అడుగున పలకల్ని చూడండి, ఓ మీటరు ముందుకు. పీల్చేటప్పుడు తల ఎత్తకుండా భుజంతో పాటు దొర్లించాలి, ఒక కన్ను నీళ్లలోనే ఉండాలి. ముందుకు పోయే తల నీటిని తోయడం వల్ల చెంప పక్కన చిన్న పల్లం ఏర్పడుతుంది. నోరు అక్కడ తెరిస్తే చాలు.

ఇక కాళ్లు. మోకాళ్లు మడిచి సైకిల్ తొక్కినట్టు కొడుతుంటే వాటిని ఆపడమే మంచిది, అవి బ్రేకులే వేస్తాయి. తన్ను తొడ మొదట్లో పుట్టాలి, మోకాలు కాస్త వదులుగా ఉండాలి, పాదాల మధ్య ఎడం ఒక అడుగు దాటకూడదు. పరిగెత్తేవాళ్లకు చీలమండలు బిగుసుకుని పాదం వెనక్కి చాచుకోదు, నీటికి అడ్డం పడుతుంది. మోకాళ్ల నొప్పి లేకపోతే రోజూ కాసేపు వజ్రాసనంలో కూర్చోండి. తొడ కండలు పెద్దవి, గట్టిగా కొడితే ఆక్సిజనంతా అవే తీసుకుంటాయి. ఫ్రీస్టైల్‌లో ముందుకు నడిపేది ఎక్కువగా చేతులే, కాళ్లు తేలి ఉండేంత కొడితే సరిపోతుంది.

కిక్‌బోర్డు (చేతులతో పట్టుకునే తేలే పలక) పట్టుకుని తల ఎత్తి కాళ్లు కొట్టడం మీకు నేను చెప్పను, ఉన్న తప్పునే పెంచుతుంది. బదులుగా ఒక చేయి ముందుకు చాచి, రెండోది తొడకు ఆనించి, పక్కకు పడుకుని మెల్లగా కాళ్లు కొట్టండి. 12 మీటర్లు కుడివైపు, 12 ఎడమవైపు, మొత్తం నాలుగుసార్లు. ఆ తర్వాత ఫ్రీస్టైల్ కూడా 12 మీటర్లే, ఎనిమిది సార్లు, నడుమ అర నిమిషం విశ్రాంతి. ప్రతిసారీ చేతులు ఎన్నిసార్లు వేశారో లెక్కపెట్టుకోండి. మొదటిదానికంటే మూడు నాలుగు ఎక్కువైతే ఒళ్లు అలిసింది, ఆరోజుకి చాలించండి.

చేయి తల ముందు మధ్యగీత దాటి పడకూడదు, దాటితే ఒళ్లు వంకర్లు తిరుగుతుంది. భుజానికి సూటిగా దించండి.

పెన్నాగట్టు:
చాలా థ్యాంక్స్ అన్నా, సార్. రెండు చేతులకోసారి అంటే ఒక్కవైపే అలవాటై మెడ పట్టేయదా?

ఒంగోలు లేన్ నాలుగు:
పోయేటప్పుడు కుడివైపు, వచ్చేటప్పుడు ఎడమవైపు పీల్చండి. ఒకవైపు ఇబ్బందిగా ఉంటుంది, అందరికీ అంతే.

కొత్తపట్నం గాలి:
సముద్రం, ఏరు ఇప్పట్లో వద్దు తమ్ముడూ. బావుల్లో సొరకాయ బుర్రో మునగ బెండ్లో కట్టుకుని నేర్చిన ఈతలో తల ఎప్పుడూ పైనే ఉంటుంది. నీళ్లలో పడితే బతికి బయటపడడానికి అది గొప్ప ఈతే, కానీ నువ్వు నేర్చుకునేది వేరు. ఉప్పునీళ్లు మంచినీళ్లకంటే రెండున్నర శాతం దాకా బరువు, అందుకని సముద్రంలో కాళ్లు కాస్త తేలతాయి. తప్పు సర్దుకున్నట్టు కనపడి, కొలనుకు రాగానే మళ్లీ బయటపడుద్ది. అలల్లో ఊపిరి లయ కూడా కుదరదు.

పెన్నలో ఇసుక తీసిన గుంతలు పైకి కనపడవు. మోకాటి లోతులో నడిచే మనిషి ఒక్క అడుగులో నిలువు లోతులోకి పోతాడు. మైపాడులో ఎప్పుడన్నా నీళ్లు లోపలికి లాగితే ఒడ్డుకు ఎదురీదొద్దు. ఒడ్డు వెంబడే పక్కకు ఈది, లాగుడు తగ్గాక బయటికి తిరుగు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల కాలం, అసలు దిగనే వద్దు.

కొలనులో కూడా ఒకటి చేయొద్దు: గబగబా పదిసార్లు గాలి పీల్చి, నీటి కింద ఎంత దూరం పోతామని పందేలు. అట్టా పీలిస్తే కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి, ఊపిరి కావాలని ఒళ్లు హెచ్చరించకముందే స్పృహ తప్పుద్ది. బాగా ఈత వచ్చినోళ్లు కూడా ఇట్టాగే పోయారు.

కావలి రైలుకట్ట:
పిక్క పట్టేస్తే గోడ పట్టుకుని, కాలు చాపి, వేళ్లను నీ వైపుకు లాగు. తలకు నూనె పెట్టుకుని దిగబాక, ముందు షవర్ కింద నిలబడు. గాగుల్స్ కొనేటప్పుడు పట్టీ వేయకుండా అద్దాలు కళ్లకు నొక్కి వదులు, రెండు మూడు సెకన్లు అతుక్కుంటే సరైన సైజు. నీళ్లు దూరుతున్నాయని పట్టీ బిగించుకుంటా పోతే ఇంకా కారతాయి. లోపలివైపు వేలితో రుద్దబాక, పొగ పట్టకుండా వేసిన పూత పోతాది.