మూడు రెక్కల మడత అద్దం: హాల్లో శిల్పంలా నిలబెట్టినవాళ్లున్నారా?

మేఘన_ఇల్లు: ఒక్కో రెక్క 180 సెం.మీ. ఎత్తు, 45 వెడల్పు. ముఖం చూసుకోడానికి కాదు, హాలు మూలలో శిల్పంలా ఉండాలని తీసుకున్నా. ఏ కోణంలో విప్పాలి? గోడకి బిగించాలా? అంచులు నల్లబడతాయా?

చెక్కపని: కోణం తర్వాత చూద్దురు గాని, ముందు బందులు చూడండి. 5 మి.మీ. గాజు చదరపు మీటరుకి 12.5 కిలోలు. మీ గాజే 30 కిలోలు దాటుతుంది. నాది మరలు పొట్టివి కావడంతో ఊడి పడిపోయింది. వెనక సేఫ్టీ ఫిల్మ్ ఉండబట్టి ముక్కలు చెదరలేదు.

లావణ్య_కె: నల్లబడతాయండీ. మాది రెండేళ్లకే కింది అంచు నుంచి మసిలా పైకి పాకింది. తుడిచే స్ప్రే నేరుగా గాజు మీద కొట్టేదాన్ని, అది జారి అడుగునే నిలిచేది.

గాజుపని_22ఏళ్లు: స్ప్రే కాదు, సిలికాన్ జిగురు. అతికించినప్పుడు వెనిగర్ వాసన వచ్చుంటుంది. ఆ ఆమ్లం వెనక పూత దాటి వెండిని తినేస్తుంది. ఆ వాసన రాని న్యూట్రల్ రకమే వాడాలి. 22 ఏళ్లుగా అద్దాలు కోస్తున్నా.

లావణ్య_కె: మా అద్దానికి సిలికానే లేదు, క్లిప్పులు!

గాజుపని_22ఏళ్లు: అయితే అంచు సీలు చేసి ఉండరు.

లావణ్య_కె: ఇప్పుడు మాట మార్చారు. సీలు లేని అంచులోకి వెళ్లింది నేను కొట్టిన స్ప్రేనే కదా? అనుభవించినదాన్ని చెప్తుంటే కాదంటారేంటి?

పాతకళ: డిజైనర్ ఐలీన్ గ్రే 1920ల్లో చేసిన తెరలు చూడండి. లక్క పూసిన పలకలు నిలువు కడ్డీల మీద దేనికది తిరుగుతాయి. అడ్డుతెరే, శిల్పమూ అదే. ఏ వైపు నుంచి చూసినా పూర్తయిన వస్తువు. మీ అద్దం వెనక పచ్చి ప్లైవుడ్ కనిపిస్తే మాత్రం అది శిల్పం కాదు.

కాంతిరేఖ: రెండు రెక్కలు సరిగ్గా 90 డిగ్రీలు పెట్టి మధ్యలో చూడండి. కుడిఎడమలు తారుమారు కాని ముఖం కనిపిస్తుంది, అంటే జనం చూసే మీ ముఖం. నేను మొదటిసారి పాపిట తీసుకోబోతే దువ్వెన అవతలి వైపుకి పోయింది. 60కి తెస్తే ప్రతిబింబాలు అయిదు.

చెక్కపని: ఆవిడ అడిగింది పాపిట గురించి కాదు.

మేఘన_ఇల్లు: మధ్య రెక్క గోడకి బిగిస్తున్నా, పక్కవి కదలాలి. నిన్న సాయంత్రం ఎండ పడి ఎదుటి గోడ మీద రెండు వెలుగు పట్టీలు నిలిచాయి. రెక్క కాస్త జరిపితే పట్టీ అంతకి రెట్టింపు తిరిగింది. ఇంక కోణం ఒకటే ఉంచబుద్ధి కావట్లేదు. లావణ్య గారూ, స్ప్రే గుడ్డ మీదే కొడతా.

గాజుపని_22ఏళ్లు: బిగించడానికి ఏ సిలికాన్ తెచ్చారో చెప్పలేదు.