క్లాస్ బి ఆటోక్లేవ్: టెస్టులన్నీ పాస్, కింది ట్రే పౌచ్‌లు మాత్రం తడి

డెంటల్ ఓపీలో 23 లీటర్ల క్లాస్ బి ఆటోక్లేవ్ (వాక్యూమ్‌తో గాలి లాగేసి, ఆవిరితో పరికరాలను స్టెరిలైజ్ చేసే మెషీన్). సైకిల్ 134 డిగ్రీలు, 4 నిమిషాలు, డ్రైయింగ్ 15. పది రోజులుగా కింది ట్రేలో తలుపు వైపున్న పౌచ్‌లు (పరికరాలు పెట్టి సీల్ చేసే కాగితపు సంచులు) తడిగా వస్తున్నాయి. ఫోర్సెప్స్ పౌచ్‌లయితే అడుగున నీళ్లు నిలిచి కాగితం మెత్తబడుతోంది. పై ట్రే, హ్యాండ్‌పీస్ పౌచ్‌లు పొడిగానే ఉంటున్నాయి.

వాక్యూమ్ లీక్ టెస్ట్, హెలిక్స్ టెస్ట్ (సన్నటి గొట్టాల లోపలికీ ఆవిరి చేరుతోందా అని చూసేది) పాస్. డ్రెయిన్ ఫిల్టర్ కడిగాం, గాస్కెట్ తుడిచాం, డిస్టిల్డ్ వాటర్ మార్చాం. లోడు 12 పౌచ్‌ల నుంచి 7కి తగ్గించి, ర్యాక్‌లో నిలువుగా పెట్టాం. డ్రైయింగ్ 25 నిమిషాలకు పెంచితే కొంచెం నయం, అంతే.

పౌచ్ మీది ఇండికేటర్ (ఆవిరి, వేడి తగిలితే రంగు మారే గుర్తు) రంగు మారింది కదా అని విద్యార్థులు తడి పౌచ్‌లనే డ్రాయర్‌లో సర్దేస్తున్నారు. తడి కాగితం గుండా క్రిములు లోపలికి పోతాయని చెప్పి అవన్నీ మళ్లీ ప్యాక్ చేయిస్తున్నాం. రోజుకు రెండు లోడ్లు దండగ.

నీళ్లు పోయే డ్రెయిన్ రంధ్రం చాంబర్‌లో వెనక వైపు ఉంది, మెషీన్‌ను స్పిరిట్ లెవెల్‌తో సమంగా పెట్టాం. ముందు కాళ్లు కాస్త ఎత్తాలా, లేక ముందు వైపు హీటర్ బ్యాండ్ (చాంబర్ గోడను వేడి చేసే పట్టీ) బలహీనపడిందా: మొదట ఏది చూడాలి?