మందుల ట్రయల్స్‌లో "చిన్న సర్దుబాట్లు" మీరూ చూశారా?

నైట్‌షిఫ్ట్_నళిని:
హైదరాబాద్‌లో ఒక హాస్పిటల్లో రెండేళ్ళు ట్రయల్ కోఆర్డినేటర్‌గా చేశానండి, ఇప్పుడు మానేశా. ఒక విషయం మాత్రం మనసులోంచి పోవట్లేదు. షుగర్ మందు ట్రయల్, మూడో విజిట్‌కి రావాల్సిన పెద్దాయన ఊళ్ళో నాట్లు పడుతున్నాయని తొమ్మిది రోజులు లేటుగా వచ్చాడు, మాకు వెసులుబాటు అటూ ఇటూ మూడు రోజులే. డీవియేషన్ (రూలు తప్పింది) అని రాసేస్తే అయిపోయేది, కానీ మా సర్ "ఎల్లుండి రికార్డులు చెక్ చేసే మానిటర్ వస్తోంది, వెనక డేట్ వేసెయ్యమ్మా" అన్నారు. వేశాను. బీపీ గడిలో ఏదో ఒకటి రాయాలి కదా, 130/80 అని రాశా. రాశాక చూస్తే పైన ఏడుగురికీ అదే 130/80. అంటే నాకంటే ముందు వాళ్ళూ ఇదే పని చేశారన్నమాట. అప్పుడు చెయ్యి వణికింది.

పాలమూరు_పిల్లోడు:
నేను పైసలకి మందుల స్టడీలకి వాలంటీర్‌గా పోయినోణ్ణి అక్కా. రెండు స్టడీల మధ్య మూడు నెలలు గ్యాప్ ఉండాలంటరు, కానీ రూమ్ కిరాయి ఆగదు కదా, ఒక్క నెలకే ఇంకో సెంటర్‌కి పోయిన. మోచేతి మడత కాడ సూది గుర్తులు ఇంకా నల్లగనే ఉన్నయ్, చూసినాయన చూసి కూడా ఏం అడగలే. మందేసినంక రాత్రి రెండుసార్లు వాంతి అయింది, చెప్తే తీసేస్తరు, పైసలు కట్ అయితయని నల్లా విప్పి కడిగేసిన. ఆ మందుకి వాంతులు రావని రాసుకున్నరేమో, తలుచుకుంటే ఇప్పుడు బాధైతది.

ఫార్మా_బాబాయ్:
తమ్ముడూ, తప్పు నీ ఒక్కడిదే కాదులే, గుర్తులు చూసి ఊరుకున్నాయనది ఇంకా పెద్దది. నళిని గారూ, మీరు చెప్పిన 130/80 లాంటిదే ట్రయల్స్ చేసిపెట్టే జీవీకే బయోసైన్సెస్ కంపెనీ విషయంలో బయటపడింది. 2014లో ఫ్రాన్స్ ఇన్‌స్పెక్టర్లు హైదరాబాద్ వచ్చి చూస్తే తొమ్మిది స్టడీల్లో ఈసీజీలు తారుమారయ్యాయని తేలింది. ఈసీజీ తీయడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి, అదీ తియ్యలేదు. 2015 జనవరిలో యూరప్ వాళ్ళు దాదాపు 700 మందుల పర్మిషన్లు ఆపమన్నారు. ఆ మందుల వల్ల ఎవరికో హాని జరిగిందని వాళ్ళు అనలేదు, ఈసీజీలే ఇలా ఉంటే మిగతా కాగితాలు ఎలా నమ్మాలన్నదే గొడవ.

భద్రాద్రి_టీచర్:
మా వైపు కథ 2009ది, అప్పటి ఖమ్మం జిల్లాలో బడిపిల్లలకి హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) వేసిన ప్రాజెక్టు. తర్వాత కొందరు పిల్లలు చనిపోయారు, ఆ చావులకీ టీకాకీ సంబంధం కనపడలేదని ఎంక్వైరీలో చెప్పారు, అది కూడా చెప్పాలి. నాకు మింగుడు పడనిది కన్సెంట్, అంటే ఒప్పుకుంటున్నామని పెట్టే సంతకం. చాలా ఫారాల మీద అమ్మానాన్నల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. నెలల తరబడి బిడ్డ మొహం చూడని తల్లిని ఒక్క మాట అడగలేకపోయారా? 2013లో పార్లమెంటు కమిటీ గట్టిగానే తప్పుపట్టింది. చిన్నారుల తరఫున సంతకం పెట్టే హక్కు వార్డెన్‌కి ఎవరిచ్చారండీ?

నైట్‌షిఫ్ట్_నళిని:
టీచర్ గారూ, మా దగ్గర కన్సెంట్ వీడియో తీసేవాళ్ళం, కానీ "అర్థమైందా" అంటే "ఆఁ" అనడం వరకే. బాబాయ్ గారూ, మానేశాక కూడా, ట్రయల్‌లో ఉన్నవాళ్ళ బాగోగులు చూసే ఎథిక్స్ కమిటీకి రాయొచ్చా?

ఫార్మా_బాబాయ్:
నిక్షేపంగా రాయొచ్చమ్మా. పేషెంట్ పేరు వద్దు, సబ్జెక్ట్ నంబర్, ఏ విజిట్, అసలు వచ్చిన రోజు ఏది, మీరు వేసిన డేట్ ఏది, అంతే. కమిటీ ఫోన్ నంబర్ కన్సెంట్ ఫారంలోనే ఉంటుంది.

నైట్‌షిఫ్ట్_నళిని:
సబ్జెక్ట్ నంబర్ నాకింకా గుర్తుందండి. ఆదివారం కూర్చుని రాస్తా, ఆ ఏడుగురి సంగతి కూడా.