తమిళ పిల్లలకు రాష్ట్రాల పునర్విభజన పాఠం: భాష చాలని చోట ఎలా చెప్పాలి?

చెన్నైలో బి.ఎడ్. చదువుతున్న నెల్లూరు వాడిని. బోధనాభ్యాసానికి నన్ను పంపిన బడిలో తొమ్మిదో తరగతి పిల్లలు ఇంగ్లీషు మాధ్యమమే అయినా, సందేహం వస్తే తమిళంలోనే అడుగుతారు. నా తమిళమేమో కూరగాయల బేరానికి సరిపోతుంది గానీ, కారణాలూ పర్యవసానాలూ వివరించేందుకు చాలదు.

తేదీల వరకు ఇబ్బంది లేదు. పొట్టి శ్రీరాములు గారు మైలాపూరులో 58 రోజులు నిరాహార దీక్ష చేసి 1952 డిసెంబరు 15న మరణించడం, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడడం బోర్డు మీద రాసి చూపగలను. అయితే మొన్న ఒక అబ్బాయి గోడ పటం దగ్గరికి వచ్చి, తిరుత్తణి మీద వేలు పెట్టి గబగబా ఏదో అడిగాడు. ఆ ఊరు చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి ఎందుకు వచ్చిందన్నది ప్రశ్న అని పక్క పిల్లవాడు చెబితే తెలిసింది. 1960లో, రెండు రాష్ట్రాల తగవుకు మధ్యవర్తిగా ఉన్న పటాస్కర్ సిఫార్సుల మేరకు సరిహద్దులు మార్చారని ఇంగ్లీషులో చెప్పాను. ముఖాలు చూస్తే ఎక్కినట్టు లేదు. పైగా మద్రాసు ఎవరిదన్న వివాదాన్ని తెలుగువాడు చెబుతుంటే పక్షపాతమనిపించదా అన్న జంకు కూడా ఉంది (అంత అవసరం లేదేమో).

ఇలాంటి తరగతుల్లో పాఠం చెప్పినవారు, పటాలూ పాత పత్రికల కత్తిరింపులూ ఎంతవరకు ఉపయోగపడ్డాయో, పిల్లలనే దుబాసీలుగా పెట్టుకోవడం మంచిదేనా, పరిశీలనకు వచ్చే అధ్యాపకులు దాన్ని తప్పుపడతారా, దయచేసి తెలియజేయగలరు.