బ్లాక్‌లిస్ట్ పెట్టగానే జీమెయిల్ మెయిల్స్ కూడా వెనక్కి పోతున్నాయి, ఏంటిది?

బెజవాడ_కుర్రోడు:
మా ఆఫీస్‌కి చిన్న వీపీఎస్ (అద్దె సర్వర్) మీద పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్) నడుస్తోంది, స్పామ్ తట్టుకోలేక నిన్న స్పామ్‌హాస్ వాళ్ళ జెన్ లిస్ట్ (ఆపాల్సిన ఐపీల బ్లాక్‌లిస్ట్) తగిలించా, రిజెక్ట్_ఆర్‌బీఎల్_క్లయింట్ లైన్‌తో. స్పామ్ సంగతి దేవుడెరుగు, ఆడిటర్ గారు జీమెయిల్ నుంచి పంపిన జీఎస్టీ ఫైళ్ళు కూడా 554 అని కొట్టేస్తోంది. జీమెయిల్ కూడా బ్లాక్‌లిస్ట్‌లో ఉంటుందా అండీ? లాగ్‌లో ఓపెన్ రిజాల్వర్ అని ఏదో కనిపిస్తోంది, సర్వర్ డీఎన్‌ఎస్ 8.8.8.8. అసలు నేను ఆపాలనుకున్నది మెయిల్ ఐడీలని, ఇదేమో ఐపీ చూస్తోంది.

లాగ్_చూడు_బాబూ:
జవాబు నీ లాగ్‌లోనే ఉంది. ఈ లిస్ట్‌ని డీఎన్‌ఎస్ ద్వారానే అడుగుతారు. 8.8.8.8 లాంటి పబ్లిక్ రిజాల్వర్ (అందరి తరఫునా డీఎన్‌ఎస్ జవాబులు వెతికిపెట్టే సర్వర్) ద్వారా అడిగితే అసలు అడిగేది ఎవరో, ఎన్నిసార్లు అడుగుతున్నారో స్పామ్‌హాస్ వాళ్ళకి తెలీదు, ఫ్రీ వాడకానికి లిమిట్ ఉంది కదా, అందుకని 127.255.255.254 అని జవాబిస్తారు. అది ఎర్రర్ కోడ్, ఆ ఐపీ లిస్ట్‌లో ఉందని కాదు. కానీ పోస్ట్‌ఫిక్స్‌కి విడిగా చెప్పకపోతే ఏ జవాబొచ్చినా దొంగ దొరికాడనే అనుకుంటుంది, ఇంకేముంది అందరికీ తలుపు మూసేస్తుంది.

సర్వర్‌లోనే అన్‌బౌండ్ (సొంత రిజాల్వర్ సాఫ్ట్‌వేర్) వేసుకో, ఫార్వర్డర్ ఏమీ పెట్టకు, అంటే ప్రశ్నల్ని వేరే రిజాల్వర్‌కి పంపనీయకు, డీఎన్‌ఎస్‌ని 127.0.0.1కి మార్చు. లిస్ట్ పేరు పక్కన =127.0.0.[2..11] అని తగిలిస్తే ఎర్రర్ కోడ్‌లని పట్టించుకోదు. తర్వాత 2.0.0.127ని జెన్ డొమైన్ ముందు పెట్టి డిగ్ (డీఎన్‌ఎస్‌ని అడిగే కమాండ్) కొట్టు, అది టెస్ట్ కోసమే ఎప్పుడూ లిస్ట్‌లో ఉంచుతారు, జవాబు రావాలి.

మెయిల్ ఐడీ అంటావా, ఫ్రమ్‌లో ఎవడి పేరైనా రాసుకోవచ్చు, మీ ఎండీ పేరుతోనే మీకు స్పామ్ వస్తుంది. కనెక్ట్ అయిన ఐపీ మాత్రం అలా మార్చడం కుదరదు, అందుకే దాన్ని తిరగేసి, అంటే 192.0.2.99ని 99.2.0.192 చేసి, అడుగుతారు. పంపినవాడి డొమైన్ కూడా చూడాలంటే డీబీఎల్ అని వేరే లిస్ట్ ఉంది, దానికి రిజెక్ట్_ఆర్‌హెచ్‌ఎస్‌బీఎల్_సెండర్ వాడాలి.

సీతమ్మధార_సిసాడ్మిన్:
పైన చెప్పినదానికి ఒక్కటి కలుపుతా, జెన్‌లో పీబీఎల్ కూడా ఉంటుంది, అంటే ఇళ్ళల్లో బ్రాడ్‌బ్యాండ్ ఐపీలు. లాగిన్ అయినవాళ్ళని వదిలేసే పర్మిట్_ఎస్‌ఏఎస్‌ఎల్_ఆథెంటికేటెడ్ లైన్ ఆర్‌బీఎల్ లైన్‌కి పైన లేకపోతే ఇంటినుంచి మెయిల్ పంపే మీ స్టాఫే ఇరుక్కుంటారు, ఆర్డర్ చూసుకోండి.

పాత_పోస్ట్‌మాస్టర్:
దొరికిన లిస్టులన్నీ వరసపెట్టి తగిలించకు బాబూ. పాత బ్లాగులు చూసి కాపీ కొడితే అందులో సగం చచ్చిపోయినవే, ఎస్‌ఓఆర్‌బీఎస్ 2024లో మూసేశారు. ఇంకా ముందు ఓఆర్‌డీబీ అయితే 2006లో ఆగిపోయింది, అయినా జనం తీయకుండా అడుగుతూనే ఉన్నారని 2008లో ప్రపంచంలో ప్రతి ఐపీ లిస్ట్‌లో ఉన్నట్టే జవాబివ్వడం మొదలెట్టింది. రెండు మూడు లిస్టులు చాలు, పోస్ట్‌స్క్రీన్‌లో (పోస్ట్‌ఫిక్స్‌లోనే వచ్చే కనెక్షన్లని ముందే వడకట్టే భాగం) మార్కులేసి వాడు, జెన్‌కి ఎక్కువ, మిగతావాటికి తక్కువ. జీమెయిల్ అకౌంట్ తెరిచి స్పామ్ కొట్టేవాణ్ణి మాత్రం ఇవేవీ ఆపలేవు, దానికి మెయిల్‌లో ఏముందో కూడా చూసే ఆర్‌స్పామ్‌డీ లాంటి ఫిల్టర్ కావాల్సిందే.

బెజవాడ_కుర్రోడు:
అన్‌బౌండ్ వేశా, డిగ్‌లో 127.0.0.2, 127.0.0.4, 127.0.0.10 వచ్చాయి, జీమెయిల్ కూడా లోపలికొస్తోంది. థాంక్స్ అన్నలూ. వెనక్కిపోయిన ఫైళ్ళు వాటంతటవే మళ్ళీ వస్తాయా?

లాగ్_చూడు_బాబూ:
రావు, 554 అంటే పర్మనెంట్, ఆడిటర్ గారినే మళ్ళీ పంపమను. ఈసారి కొత్త లిస్ట్ ఏది పెట్టినా ముందు వార్న్_ఇఫ్_రిజెక్ట్ తగిలించి కొన్నాళ్ళు లాగ్ చూడు, మెయిల్ లోపలికి వచ్చేస్తుంది, ఆ లిస్ట్ దాన్ని ఆపేదా కాదా అనేది మాత్రం లాగ్‌లో రాసిపెడుతుంది.