పట్నం వదిలి పొలానికి: విశ్వాసమా, పారిపోవడమా?

మెట్టతోట (పద్మనాభం మండలం):
అందరికీ వందనాలు. మూడేళ్ళ క్రితం విశాఖ మధురవాడలో ఫ్లాట్ అమ్మేసి ఇక్కడ రెండెకరాల మెట్ట కొనుక్కుని వచ్చేశాం. నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, రెండు ఆవులు, కొన్ని నాటుకోళ్ళు. బియ్యం, నూనె, ఉప్పు కొంటాం. కూరగాయలు, చోళ్ళు (రాగులు), పాలు, గుడ్లు ఇంటివే. మొన్న ఆరాధన అయ్యాక మా సంఘంలో ఒక పెద్దాయన అందరి ముందూ, "దేవుడిచ్చిన చదువు మట్టిలో పోశావు, ఇది విశ్వాసం కాదు, పారిపోవడం" అన్నారు. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. ఆదికాండము 2:15 చూడండి. ఏదెను తోటను సేద్యం చేసి కాపాడమని దేవుడు మనిషికి చెప్పాడు. పాపం రాకముందే ఇచ్చిన పని అది, శిక్షగా వచ్చింది కాదు. మరి దానికి తిరిగి వెళ్తే పారిపోవడం ఎలా అవుతుంది?

షిఫ్ట్‌డ్యూటీ (గాజువాక):
బ్రదర్, మీ పెద్దాయన మాట కటువుగా ఉన్నా అందులో నిజం ఉంది. యిర్మీయా 29:7లో, చెరపట్టుకుపోయిన వాళ్ళకు దేవుడు ఏం చెప్పాడు? మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి, దాని క్షేమమే మీ క్షేమం అన్నాడు. ఆ పట్టణం వాళ్ళను చెరపట్టిన బబులోను. అయినా వదిలి వెళ్ళమనలేదు. 1805లో ఈ విశాఖకు సువార్త తెచ్చిన లండన్ మిషన్ వాళ్ళు కూడా ఊళ్ళో కూర్చుని తెలుగు నేర్చుకుని లేఖనాలు అనువాదం మొదలుపెట్టారు కానీ తోట వేసుకుని కూర్చోలేదు.

మెట్టతోట:
అదే అధ్యాయం 5వ వచనం కూడా చదవండి బ్రదర్. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటి వాటి ఫలాలు తినండి అని ఉంది. పైగా నేను పట్టణాన్ని వదిలేయలేదు. విశాఖ తాగే నీళ్ళలో కొంత ఇక్కడి గోస్తని నదివి. ఇక్కడి మట్టిని మందులతో పాడుచేస్తే అక్కడి కుళాయికి మంచిదా?

కంచరపాలెం_2:
నాదొక ప్రశ్న. మీరు జీవామృతం వాడుతున్నారా? ఆవు పేడ, మూత్రం కలిపేదే కదా. విశ్వాసి చేయదగ్గ పనేనా అది?

మెట్టతోట:
వాడతాను. 200 లీటర్ల నీళ్ళకు 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. నీడలో ఉంచి రోజూ కర్రతో తిప్పుతాం. మట్టిలోని సూక్ష్మజీవులకు అది పులిసిన తిండి, అంతే. ఇందులో పూజ ఏమీ లేదు.

కంచరపాలెం_2:
పేరులోనే అమృతం ఉంది. అక్కడే నా మనస్సాక్షి ఆగిపోతోంది.

భీమిలి పిన్ని:
పేరు మీద తగువు దేనికి బాబూ? పేడ ఎరువు మా అత్తగారూ వేశారు, ఆవిడ బాప్టిస్టు సంఘంలో పుట్టి పెరిగిన మనిషి. నేను చెప్పదలిచింది వేరు. పొలం జీవితం ఆత్మీయంగా ఎంత గొప్పదో రాసేవాళ్ళు కోళ్ళు చచ్చిపోయిన సంగతి రాయరు. నాకు నలభై ఉండేవి. ఒక మాఘమాసం రెండు కోళ్ళు మెడ తిప్పేసుకుని వెనక్కి నడిచాయి, పచ్చగా విరేచనం. కొక్కెర తెగులు (రాణిఖేత్). మేము మోకాళ్ళూని ప్రార్థన చేశాం కానీ టీకా మాత్రం వేయించలేదు. వారంలో గూడు ఖాళీ. ఇప్పుడు పిల్లకు ఏడో రోజున లసోటా టీకా చుక్కలు, ఎనిమిదో వారంలో రెక్క కింద ఆర్2బి ఇంజెక్షన్. టీకా వేయించినందుకు నా విశ్వాసం తగ్గలేదు. కొత్తగా వెళ్ళేవాళ్ళు ముందు ఇది నేర్చుకోండి.

మెట్టతోట:
వందనాలు పిన్నిగారూ, ఇది రాసిపెట్టుకుంటాను. పోయినేడు మావి తొమ్మిది పోయాయి.

షిఫ్ట్‌డ్యూటీ:
పిల్లల చదువు సంగతి చెప్పలేదు.

మెట్టతోట:
ఇంట్లోనే చదువుతున్నారు. 14 ఏళ్ళు నిండితే, జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ అయిన ఎన్‌ఐఓఎస్‌లో పదో తరగతి పరీక్ష రాయొచ్చు. మా పెద్దాడు ఉదయం ఆవు పాలు పితికి, ఆ లెక్క పుస్తకంలో రాస్తాడు. లీటర్లు, దాణా ఖర్చు, మిగులు. వాడికి లెక్కలంటే భయం పోయింది.

షిఫ్ట్‌డ్యూటీ:
మీ పిల్లాడికి అది పాఠం. చుట్టుపక్కల పేటలో పిల్లాడు అదే పని చేస్తే బడి మానేశాడంటారు.

మెట్టతోట:
బ్రదర్, మీరు మొదటి నుంచీ మట్టిని చిన్నచూపు చూస్తున్నారు. క్వార్టర్‌లో కూర్చుని నెల జీతం తీసుకునే వాళ్ళకు చెమట విలువ తెలియదు. మేము లేవీయకాండము 19లో ఉన్నట్టు పేదలు ఏరుకోవడానికి పొలం అంచులు కోయకుండా వదిలేస్తున్నాం. పరిగె ఏరుకోవడానికి వచ్చిన పేద విధవ రూతు కోసం చేను ఆసామి బోయజు కావాలనే వెన్నులు జారవిడిపించాడు. ఆ మనసు పట్టణంలో ఎక్కడుంది?

కంచరపాలెం_2:
జీవామృతానికి బదులు వర్మీ కంపోస్టు వాడకూడదా?

షిఫ్ట్‌డ్యూటీ:
మట్టి అంటే చిన్నచూపా? సరే, చెబుతాను. ఇన్నాళ్ళూ ఎక్కడా రాయలేదు.

మా అమ్మ పరిగె ఏరిన మనిషి. శనక్కాయ పీకేశాక, ఎండిపోయిన చేలో ములుకర్రతో మట్టి గుచ్చి గుచ్చి మిగిలిన కాయ తీసేది. నేను వెనకాల గిన్నె పట్టుకుని నడిచేవాణ్ణి. ఏడెనిమిదేళ్ళుంటాయి. ఒకరోజు మధ్యాహ్నానికి సంచిలో అడుగున ఒక జానెడు చేరింది. ఆ చేను ఆసామి గట్టు మీదకొచ్చి సంచి ఇలా ఇమ్మన్నాడు. తీసుకుని మొత్తం గట్టు మీద కుమ్మరించాడు. తన ఆవులకు మేపుకుంటానన్నాడు. మా అమ్మ ఒక్క మాట అనలేదు. చేతులు చీరకు తుడుచుకుని, పదరా అంది. ఆవిడ గోళ్ళ కింద ఎర్రమట్టి ఆదివారం గుడికి వెళ్ళేటప్పుడు కూడా పోయేది కాదు, వేపపుల్లతో తీసుకునేది.

ఆ ఊరి నుంచి మమ్మల్ని బయటికి తెచ్చింది మిషన్ బడి, తర్వాత ఈ షిఫ్ట్ డ్యూటీ. గాజువాకలో ఇల్లు అద్దెకు అడిగినప్పుడు మాది ఏ పేట అని ఎవరూ అడగలేదు. మీకు పట్టణం బబులోను. మాకు అది దాస్యపు ఐగుప్తు నుంచి బయటపడిన దారి. రూతు గ్రంథాన్ని మీరు బోయజు గట్టు మీద నిలబడి చదువుతున్నారు. మేము వంగి చదివాం.

ఒక్కటే అడుగుతాను. మీరు కొనకముందు ఆ రెండెకరాలు ఎవరు దున్నేవారు? ఇప్పుడు ఆ మనిషి ఎక్కడున్నాడు?

భీమిలి పిన్ని:
నాయనా, కన్నీళ్ళొచ్చాయి.

గోపాలపట్నం గోదా:
మెట్టతోట గారిని దోషిని చేయడం న్యాయం కాదు. ఆయన డబ్బు పెట్టి కొన్నారు, ఎవరినీ తరమలేదు. పద్మనాభం, ఆనందపురం చుట్టూ లేఅవుట్లు వేసి ఎకరాలకు ఎకరాలు బీడు పెట్టిన వాళ్ళను ముందు అడగండి.

మెట్టతోట (మర్నాడు రాత్రి):
నిన్న ఈ ప్రశ్న చదివి ఫోన్ పక్కన పెట్టేశాను. కోపం కూడా వచ్చింది. క్వార్టర్ మాట నేను అనకూడదు, క్షమించండి.

కింది ఎకరం ఒక కౌలు రైతు చేసేవాడు, చోళ్ళు, శనక్కాయ. రిజిస్ట్రేషన్ అయిన నెలలో ఆయన పాక విప్పుకుని వెళ్ళిపోయాడు. ఎక్కడికని నేను అడగలేదు. కట్టుబడి పనికి పోతున్నాడని తర్వాత విన్నాను. పొలం అంచులు కోయకుండా వదిలిన మాట నిజమే. ఏరుకోవడానికి మాత్రం ఎవరూ రాలేదు. ఎందుకు రావడం లేదా అని నా భార్య రెండేళ్ళుగా అంటూనే ఉంది. నిన్న రాత్రి మీరు రాసింది చదివి వినిపిస్తే, "ఇప్పుడు తెలిసిందా" అంది.

ఈ తొలకరికి ఆ ఎకరం ఆయన్నే చేసుకోమని అడగాలనుకుంటున్నాను. నాకైతే పొలం పని ఇప్పటికీ దేవుని పిలుపే. ఆ మాట మీద వెనక్కి తగ్గను.

షిఫ్ట్‌డ్యూటీ:
తగ్గమని నేనూ అనను. పల్లె మీకు తోట, నాకు ఇంకా ఆ గట్టే. నేను వెనక్కి రాను, నా పిల్లల్నీ పంపను.

ఆయన్ని అడిగేటప్పుడు నోటిమాటగా అడగకండి. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం పంట సాగుదారు హక్కు పత్రం ఉంటుంది, పదకొండు నెలలకు. దానికి భూయజమాని సంతకం కావాలి. ఆ కాగితం ఉంటే పంట రుణానికి, బీమాకు, పంట పోతే పరిహారానికి ఆయన తన పేరు మీద అడగగలడు. దాని వల్ల మీ భూమి హక్కు ఎక్కడికీ పోదు. చాలామంది ఆసాములు ఈ భయంతోనే సంతకం పెట్టరు. మా నాన్నకు అలాంటి కాగితం ఒక్కటి కూడా దొరకలేదు.

మెట్టతోట:
సంతకం పెడతాను. ఆయన నంబరు పక్క చేను వాళ్ళ దగ్గర ఉందట. పొద్దున్న పాలు పితికాక వెళ్తాను.